ఉప్పు కోసం కట్టిన చల్లని గది

పోయిన వారం పిక్కలు పట్టేస్తున్నాయని షార్జాలో మా వీధి చివర ఉన్న క్లినిక్‌కు వెళ్తే, రక్తపరీక్ష రిపోర్టు చూసిన డాక్టరమ్మ నా ఒంట్లో మెగ్నీషియం తగ్గిందని చెప్పి రోజుకొక మాత్ర రాసిచ్చింది. ఆ మాట చెవిన పడగానే పక్కన కూర్చున్న మా ఆయన ఫక్కున నవ్వారు, ఆయన్ని చూసి నేనూ నవ్వాను, పాపం ఆ మలయాళీ డాక్టరమ్మ ఈ పెద్దవాళ్ళిద్దరికీ ఇందులో నవ్వొచ్చేది ఏం కనిపించిందోనని కళ్ళద్దాలు సర్దుకుని మరీ మా వైపు చూసింది. సముద్రపు నీళ్ళలోంచి మెగ్నీషియం తీసే చోట ఉద్యోగం వెలగబెట్టిన మనిషికి ఒంట్లో అదే తక్కువ కావడమంటే పాలవాడి ఇంట్లో మజ్జిగ కరువైనట్టేనని ఆవిడకు విడమరచి చెప్పే ఓపిక లేక, మందుల చీటీ పుచ్చుకుని బయటపడ్డాం. ఇంటికొచ్చి ఆ తెల్లటి మాత్రను అరచేతిలో పెట్టుకున్నానో లేదో, నా మనసు ముఖానికి మాస్కు, కాళ్ళకు ఇనుప ముక్కుల బూట్లు తగిలించుకుని ఉమ్ అల్ క్వైన్ వెళ్ళే కంపెనీ వ్యాను ఎక్కేసింది.

నా ఈడు వాళ్ళు తొలి ఉద్యోగం కబుర్లు చెప్పారంటే అవి పాతికేళ్ళ ప్రాయంలోవి అయివుంటాయి. నాది మాత్రం యాభై దాటాక వచ్చిన తొలి ఉద్యోగం. కాకినాడలో డిగ్రీ, విశాఖలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, పెళ్ళి కాగానే మా ఆయన వెంట దుబాయ్ వచ్చి, ఆ చదువునంతా పాతికేళ్ళకు పైగా పులిహోర పోపులకీ పెరుగు తోడుకీ వాడుకుంటూ వచ్చినదాన్ని. కరోనా వచ్చిన ఏడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. ఇక్కడ ఉద్యోగం పోవడమంటే ఒక్క జీతం పోవడం కాదని ఈ దేశంలో కాపురం చేసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. వీసా పోతుంది, ఇల్లు పోతుంది, ఎన్నేళ్ళుగానో అలవాటైన సూపర్‌మార్కెట్టూ, సాయంకాలం నడిచే దారీ, పక్కింటివాళ్ళూ ఒక్కసారిగా మనవి కాకుండా పోతారు. ఆయన అప్లికేషన్లు పెడుతూనే ఉన్నారు, అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు నేనొకటి నిశ్చయించుకున్నాను, ఈ ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఇద్దరున్నప్పుడు ఉద్యోగం వెతకాల్సింది ఒక్కరే ఎందుకవుతారని.

సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటు ఒకటి వదిలేసే చిక్కటి ఉప్పునీటి నుంచి మెగ్నీషియం లోహం తీయాలని ఉమ్ అల్ క్వైన్‌లో ఓ చిన్న యూనిట్ పెట్టారనీ, ల్యాబుకు కెమిస్టు కావాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. వెళ్ళాను. అక్కడి మేనేజరు, అందరూ ముదీర్ అని పిలిచే జోర్డాన్ దేశస్థుడు, నా సర్టిఫికెట్ల మీది సంవత్సరం రెండుసార్లు చూశాడు. చివరికి, ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైంది ఏమిటో చెప్పమన్నాడు. నేను మా అమ్మ ఉప్పు జాడీ సంగతి చెప్పాను. వానాకాలం వస్తే కల్లుప్పు జాడీలో నీరూరేది కదా, నిజానికి ఆ తేమను పీల్చేది మనం తినే ఉప్పు కాదు, దానిలో రవ్వంత కలిసివుండే మెగ్నీషియం లవణం. గాలిలో తేమ తాగకుండా దాన్ని కాపాడటమే అన్నిటికన్నా కష్టమైన పని అన్నాను. ఆయన నవ్వి, యల్లా, అంటే ఇక కానిమ్మని, ఆదివారం వచ్చేయమన్నాడు. అప్పట్లో ఇక్కడ వారం ఆదివారంతో మొదలయ్యేది. అలా నేను ఉద్యోగస్థురాలినై, మా ఆయన నా వీసా మీదికి వచ్చి, ఆనాటి నుంచి నన్ను కఫీల్ గారూ, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని గారూ, అని పిలవడం మొదలుపెట్టారు.

తెలియనివాళ్ళ కోసం ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఉప్పునీటిలోంచి అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటిగా తీసేసి, మిగిలిన మెగ్నీషియం లవణాన్ని ఎండబెట్టి, అందులో చుక్క నీరు లేకుండా చేసి, కరిగిన ఉప్పుల మధ్య వేస్తారు. మేమంతా భట్టీ అని పిలిచే ఆ పెద్ద తొట్టిలో ఉప్పు ఏడొందల డిగ్రీల దగ్గర నీళ్ళలా కరిగి ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. అందులో కరెంటు పంపితే లవణం రెండుగా విడిపోయి, క్లోరిన్ వాయువు ఒక వైపు గొట్టాల్లోకి పోతే, ఇంకో వైపు మెగ్నీషియం చుక్కలు చుక్కలుగా పుడుతుంది. మిగతా లోహాలు అడుక్కి దిగితే ఇది తేలికది గనక పైకి తేలుతుంది. చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి వెండి అట్టులా పేరుకుంటే, గాలి తగిలి భగ్గున మండిపోకముందే గరిటెతో తీసి అచ్చులో పోయాలి. ఈ కలవడమన్నదే ముఖ్యం. కలవని చుక్కలు గరిటెకు అందవు, అందినా ఉప్పుతోపాటే మట్టిపాలవుతాయి.

ఎండబెట్టిన లవణాన్ని డ్రమ్ముల్లో దాచడానికి ప్రత్యేకంగా ఒక గది ఉండేది, మా మాటల్లో అది ఉప్పు గది. గాలిని చల్లబరిచి తేమంతా పిండేసే యంత్రం అందులో రాత్రింబగళ్ళు తిరుగుతూ ఉండేది. ఆగస్టులో ఉమ్ అల్ క్వైన్ సముద్రపు ఒడ్డున గడిపినవాళ్ళకు ఆ గది విలువ తెలుస్తుంది. వ్యాను దిగగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టి దారి కనపడదు, చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, ఊపిరి పీలిస్తే వేడినీళ్ళు తాగినట్టుంటుంది. ఉప్పు గది తలుపు తీస్తే మాత్రం ముఖానికి ఊటీ తగిలేది.

భట్టీ దగ్గర పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు పల్లెలవాళ్ళు. వాళ్ళ మీద ఫోర్‌మన్‌గా ఉన్నాయన కూడా జగిత్యాల వైపు మనిషే, ఇంచుమించు నా వయసువాడు, అంతకుముందు చాలా ఏళ్ళు రాస్ అల్ ఖైమా క్వారీల్లో రాళ్ళ దుమ్ము మింగి వచ్చినవాడు. మొదట్లో నన్ను మేడం మేడం అనేవాడు. భట్టీ మూత తీసినప్పుడు ల్యాబువాళ్ళు దూరంగా నిలబడతారని ఆయన అనుభవమట. నేను మంట వెలుగుకు అడ్డుగా ముఖానికి నల్లద్దం తగిలించుకుని, నమూనా నేనే తీసుకుంటానని గరిటె అందుకున్న నాటినుంచి మేడం పోయి చెల్లె అయ్యాను. ఆయన్ని నేను అన్నా అనేదాన్ని. మధ్యాహ్నం వాళ్ళు తమ క్యాబిన్‌లో విశ్రాంతి తీసుకునే వేళకు నేను ల్యాబులో తలుపేసుకుని టిఫిను డబ్బా విప్పేదాన్ని, ఆడమనిషి వచ్చి కూర్చుంటే వాళ్ళు కాళ్ళు చాపుకోలేరు కదా అని.

చలికాలంలో మా భట్టీ బాగానే నడిచింది, కొబ్బరికాయంత ముద్దలు వచ్చాయి. ఎండలు ముదిరేసరికి మెగ్నీషియం మొండికేసింది. లోహం పుడుతోంది, పైకి తేలుతోంది, కానీ కలవడం లేదు. మూత తీసి నల్లద్దంలోంచి చూస్తే ఆవాలు చల్లినట్టు సన్నటి పూసలు, ఏ పూసకాపూస చుట్టూ ఏదో పొర కట్టుకుని బిగుసుకుని కూర్చునేది. గరిటె పెడితే చెదిరిపోయేవి, కొన్ని గాలి తగిలి కళ్ళు మిరుమిట్లు గొలిపేలా మండిపోయేవి. వేసవి పోగానే యజమానులు వచ్చి చూస్తారని, ఆనాటికి వాళ్ళ చేతిలో పెట్టడానికి ఒక్క మంచి కడ్డీ అయినా లేకపోతే యూనిట్ ఖలాస్ అని ముదీర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఖలాస్ అంటే ఎవరెవరికి ఏమేం పోతుందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకైతే నా ఉద్యోగంతోపాటు, ఆ ఉద్యోగానికి వేలాడుతున్న మా ఆయన వీసా కూడా కళ్ళముందు కదిలింది.

వేసవితో మొదలైన జబ్బు గనక అందరి వేలూ తేమ వైపే చూపింది. గాలిలో ఇంత తడి ఉంటే ఉప్పు తాగకుండా ఉంటుందా అని ముదీర్ తేల్చేసి, ఉప్పు గదికి తేమ పిండే యంత్రం ఇంకొకటి తెప్పించి పెట్టించాడు. గది ఇంకా చల్లబడింది, మా పూసలు ఇంకా సన్నబడ్డాయి. వైద్యం చేస్తున్నకొద్దీ రోగం పెరుగుతుంటే మందు తప్పన్నా కావాలి, రోగం పేరు తప్పన్నా కావాలి. నేను ప్రతి డ్రమ్మునుంచీ ఉప్పు తీసి తేమ కొలిచాను, ఎండుటాకులా ఉంది. అదే చెబితే ముదీర్ నా కొలతనే అనుమానించాడు. ఆ రోజు వ్యానులో ఇంటికి వస్తూ కిటికీలోంచి మడ అడవుల పచ్చదనం చూస్తున్నా నాకేమీ కనపడలేదు; నా కొలత తప్పయితే నేనే తప్పుకుంటాను గానీ, తప్పు కాని కొలతను తప్పని ఒప్పుకోనని మాత్రం గట్టిగా అనుకున్నాను.

తేమ కాకపోతే ఇంకేమిటి? ఎప్పుడో చదివిన పాఠంలో ఒక మాట గుర్తొచ్చింది. మెగ్నీషియం చుక్కలను కలవనివ్వని శత్రువు ఇంకొకటుంది, అది బోరాన్, మన కంసాలులు బంగారం అతకడానికి వాడే వెలిగారంలో ఉండేది. భట్టీలోకి అది పిసరంత వెళ్ళినా చాలు, చుక్కకూ చుక్కకూ పొత్తు కుదరదు. సముద్రపు నీళ్ళలో అది సహజంగానే ఉంటుంది గనక మొదట్లోనే జల్లెడలాంటి ఒక గొట్టంలోంచి నీళ్ళను పంపి దాన్ని పట్టేస్తారు. ఆ గొట్టం సరిగ్గానే ఉందనీ, దుబాయ్ ల్యాబుకు పంపి రిపోర్టు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందనీ ముదీర్ విసుక్కున్నాడు. సరే, దుబాయ్ ల్యాబు లేకపోతేనేమి, దేవుడి మందసం పక్కన పసుపు డబ్బా ఉంది కదా అనుకున్నాను.

మా కాలం ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్ చేసినవాళ్ళకు ఇది గుర్తుండే ఉంటుంది. పసుపును స్పిరిట్‌లో నానబెట్టి, ఆ రంగులో వడపోత కాగితం ముంచి ఆరబెడితే అదే బోరాన్‌ను పట్టే కాగితం. ఆమ్లం కలిపిన నమూనాలో దాన్ని ముంచి ఆరనిస్తే, బోరాన్ ఉంటే ఇటుకరంగుకు తిరుగుతుంది, లేకపోతే పసుపు పసుపుగానే ఉంటుంది. కొట్లో కొన్న పొడిని నమ్మక మా వదినగారు దుగ్గిరాల వైపు నుంచి పంపించిన కొమ్ములు దంచి తీసుకెళ్ళాను. దంచుతుంటే మా ఆయన వచ్చి, కఫీల్ గారు ఫ్యాక్టరీలో వ్రతం ఏమైనా పట్టారా అని అడిగారు. పట్టాననే చెప్పాను.

మర్నాడు గొట్టం దాటి వచ్చిన నీళ్ళతో మొదలుపెట్టాను, కాగితం పచ్చగానే ఉంది. ఎండబెట్టే యంత్రం నోటి దగ్గర పడిన లవణంతో చేశాను, అప్పుడూ పచ్చగానే ఉంది. అదే లవణం ఉప్పు గదిలో డ్రమ్ముల్లోకి చేరాక తెచ్చి చేశాను. కాగితం ఆరుతూ ఆరుతూ అంచులనుంచి ఎర్రబడింది. అమ్మోనియా చుక్క వేసి చూశాను, నల్లబడింది, ఇక సందేహమే లేదు. సముద్రంలో ఉన్నదాన్ని మేము తీసేశాం, మధ్యలో ఎవరో మళ్ళీ తెచ్చి కలుపుతున్నారు, అదీ తాళంలేని, చల్లటి, ఉప్పు తప్ప ఇంకేమీ ఉండకూడని గదిలో.

అది మధ్యాహ్నపు విశ్రాంతి వేళ. టిఫిను డబ్బా విప్పకుండానే ఉప్పు గదికి నడిచాను. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల్నుంచి ఒక చప్పుడు వినిపించింది, టక్కుమని ఒకటి, వెంటనే గడగడమని కొన్ని. ఆ చప్పుడును నేను ఏ జన్మలోనూ మరిచిపోను. కాకినాడ ఆడపిల్లల హాస్టల్లో క్యారమ్స్‌లో నన్ను గెలిచినవాళ్ళు లేరు. తలుపు తీస్తే, డ్రమ్ము మీద బోర్డు, చుట్టూ నలుగురు, వాళ్ళ వెనక వంగి చూస్తూ మరికొందరు, పక్కన నిలబడి మా ఫోర్‌మన్ అన్న బోర్డు మీద పౌడరు చల్లుతున్నాడు. ఒప్పుకోవాలి, ముందు నాకు కలిగింది సంతోషమే. ఎన్నేళ్ళయిందో ఆ బోర్డు చూసి, చేయి దానంతటదే ముందుకు పోయింది. ఆ మరుక్షణం చూపు పౌడరు డబ్బా మీద పడింది, చేయి గాలిలోనే ఆగిపోయింది. క్యారమ్ బోర్డు మీద కాయలు జారడానికి చల్లే తెల్ల పొడి బోరిక్ పౌడరు. బోరాన్ దాని పేరులోనే ఉంది.

నేను కోప్పడతాననుకుని వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆ పొడి చిటికెడు తీసుకుని, పరీక్షకని జేబులో వేసుకొచ్చిన ఆమ్లం సీసాలో కలిపి, పసుపు కాగితం ముంచి, యంత్రంలోంచి వచ్చే పొడి గాలికి పట్టుకున్నాను. వాళ్ళు చూస్తుండగానే కాగితం రక్తంలా ఎర్రబడింది. ఆట అయిపోయాక బోర్డును డ్రమ్ము అంచుకు కొట్టి దులుపుతారట, ఆ చేతులతోనే మూతలు తీసి ఉప్పు తోడతారట. ఫోర్‌మన్ అన్న డబ్బా వైపూ కాగితం వైపూ మార్చి మార్చి చూశాడు.

"గీ పౌడరా చెల్లె? గింతంత జల్లుకుంటమాయె. గిదా మన లోహాన్ని కలువనిస్తలేనిది?"

అవునన్నాను. ఆయన డ్రమ్ము పక్కన కూలబడ్డాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"మా క్యాబిన్ల ఏసీ ఎండకాలం సురువుల్నే ఖరాబైంది. జెప్పి జెప్పి యాష్టకొచ్చింది. బైట కూసుంటె పాణం పోతది, అండ్లనైతె సల్లగుంటదని అచ్చినం. ముదీర్‌కు నా పేరే జెప్పు చెల్లె. బోర్డు తెచ్చింది నేనే. పోరగాండ్ల పేర్లు మాత్రం ఎత్తకు, ఆళ్ళను పంపిస్తె మల్ల వీసా దొరుకుడు కష్టం."

వేసవి రాగానే జబ్బు ఎందుకు మొదలైందో, రెండో యంత్రం పెట్టగానే ఎందుకు ముదిరిందో అప్పుడు నాకు తెలిసింది. గది ఎంత చల్లబడితే ఆట అంత సాగింది, అంతే. తేమను తరమడానికి మేము చేసిన ప్రతి పనీ మనుషులను అటే రమ్మని పిలిచింది. ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా తెలిసింది, ఈ గదిలోంచి నేను ముదీర్ దగ్గరికి మోసుకుపోయేది ఒకే ఒక్క పేరు, అది బోరాన్. నువ్వు ఊరుకో అన్నా, అని మాత్రం చెప్పి వచ్చేశాను.

ముదీర్ అంతా విన్నాడు, కాగితాలు చూశాడు, పసుపు వాసన కూడా చూశాడు. తప్పు ఎక్కడుందో తెలిసినందుకు ముఖం వెలిగింది, తప్పు ఎవరిదో అడిగేసరికి నల్లబడింది. మావాళ్ళ దగ్గర పట్టుకున్న హిందీలో, కౌన్ హై, నామ్ బోలో మేడమ్, అని బల్ల మీద వేలితో కొట్టాడు. పేర్లు నేను చెప్పనన్నాను. ఈ వయసులో నాకు వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని చెప్పాను: ఉప్పుకు చెమట పట్టకూడదని అంత చల్లని గది కట్టించారు, ఒకటి చాలదని రెండో యంత్రం కూడా తెప్పించారు, చెమట పట్టే మనుషులకేమో చెడిపోయిన ఏసీ వదిలేశారు, చల్లగాలి ఉన్న చోటికి వాళ్ళు రాక ఇంకెక్కడికి పోతారు? ఒక్కసారి గది శుభ్రం చేసి, భట్టీలో కొత్త ఉప్పు కరిగించి చూద్దాం. చుక్కలు కలిస్తే ఎవరి మీదా చర్య వద్దు, క్యాబిన్‌కు మంచి ఏసీ పెట్టించండి. కలవకపోతే అందరికన్నా ముందు నన్నే పంపించండి. ఆయన జపమాల పూసలు చాలాసేపు తిప్పుతూ కూర్చుని, చివరికి యల్లా, జల్దీ అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది మా ఆయనకు చెప్పాను. ఆయన అటక మీది సూట్‌కేసుల వైపు చూసి, ఇంతకీ అవి దించమంటారా కఫీల్ గారూ, ఉండనివ్వమంటారా అన్నారు. ఉండనివ్వండి అన్నాను. ఆయన లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చి, నువ్వు అలా అనకపోయి ఉంటే నాకు నచ్చేది కాదు అన్నారు. మా కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు, అయినా ఆ టీ రుచి వేరు.

ఆ తరవాత మా వాళ్ళు ఆ గదిని శుభ్రం చేసిన తీరు చూసి తీరాలి. ఉప్పు గదిలో నీళ్ళు వాడకూడదు గనక అంతా పొడిబట్టలతోనే. డ్రమ్ముల మూతలు, అంచులు, నేల మూలలు, తలుపు గడియ, ఏదీ వదల్లేదు. వాళ్ళు ఒక చోట తుడవడం, నేను అక్కడ కాగితం అద్దడం, ఏమాత్రం ఎర్రబడినా మళ్ళీ తుడవడం. పాడైన లవణమంతా పక్కన పెట్టించాం, భట్టీలోని పాత ఉప్పు ఒంపేసి కొత్తది కరిగించాం. బోర్డును ఫోర్‌మన్ అన్నే పాత దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా తీసుకెళ్ళి వ్యానులో పెట్టాడు.

భట్టీ మూత తీసే రోజు ముదీర్ కూడా వచ్చి నిలబడ్డాడు. అన్న పైన తెట్టుకట్టిన ఉప్పును పక్కకు నెట్టాడు, నేను నల్లద్దం ముఖానికి పెట్టుకుని వంగాను. మొదట మళ్ళీ ఆవాలే కనిపించాయి. అంతలో రెండు ఆవాలు దగ్గరికి జరిగి ఒకటయ్యాయి. దాని పక్కకు ఇంకొకటి వచ్చింది. చారు మీద పోపు నూనె చుక్కలు గరిటె తగలగానే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి చూడండి, సరిగ్గా అలాగే చూస్తుండగానే చిన్నవి పెద్దవై, పెద్దవి కలిసి తళతళలాడే అట్టు కట్టింది. కలిసినయ్ చెల్లె, కలిసినయ్, అని అన్న మాస్కులోంచి అరిచిన అరుపు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. గంధకం పొడి చల్లి, మంట లేవకుండా లోహాన్ని అచ్చులో పోశారు. ఆ ఘాటుకు కళ్ళు మండాయని అందరం చెప్పుకున్నాం గానీ, అందరి కళ్ళలో నీళ్ళూ గంధకం వల్ల వచ్చినవి కావు.

చల్లారాక కడ్డీని మొదట ఎత్తింది ఫోర్‌మన్ అన్న. ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. "ఇంత తిప్పలవడి తీస్తిమి, దీనికి బరువే లేదేంది చెల్లె!" ముదీర్‌కు ఆ మాట అర్థం కాకపోయినా ఆయనే అందరికన్నా గట్టిగా నవ్వాడు. మాట కూడా నిలబెట్టుకున్నాడు, క్యాబిన్‌కు కొత్త ఏసీ వచ్చింది. అక్కడ మొదటి ఆట నన్నే ఆడమని పట్టుబట్టారు. రెడ్డు వేసి, దానికి ఫాలో కూడా వేసి, మొహమాటం లేకుండా గెలిచాను. ఆనాటి నుంచి ఆట అయ్యాక చేతులు కడుక్కుని, కోటు మార్చుకుని గానీ ఎవరూ ఉప్పు గది గడప తొక్కలేదు, ఒకరిని ఒకరే కాపలా కాసుకునేవారు. యజమానులు వచ్చిన రోజున వాళ్ళ చేతుల్లో పెట్టడానికి మా దగ్గర కడ్డీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ మొదటి కడ్డీ కొసన కోసిన ముక్కతో వర్క్‌షాపులో ఒక స్ట్రైకర్ చేయించి, అన్న నాకు కానుకగా ఇచ్చాడు.

మేము గెలిచాం, అందుకే చెదిరిపోయాం. పని కుదిరిందని తెలిశాక పెద్ద కంపెనీ ఒకటి దాన్ని కొనుక్కుని రాస్ అల్ ఖైమా వైపు పెద్ద ఫ్యాక్టరీ కట్టింది. మా చిన్న యూనిట్ మూతపడింది. వాళ్ళు కొత్తచోటికి నన్నూ రమ్మన్నారు గానీ, అప్పటికి మా ఆయనకు ఉద్యోగం దొరికింది, నాకూ అంత దూరం వ్యాను ప్రయాణం చేసే ఓపిక లేకపోయింది. ఫోర్‌మన్ అన్న జగిత్యాల వెళ్ళిపోయి మనవళ్ళను ఎత్తుకుంటున్నాడు. కుర్రాళ్ళలో కొందరు సౌదీ, కొందరు ఖతర్. మా సెలవు శుక్రవారం కూడా ఆదివారంగా మారిపోయింది, వారం ఎక్కడ మొదలవుతుందో తెలియక నాకు ఇప్పటికీ తికమకే.

ఆమధ్య, ఇప్పుడక్కడే పనిచేస్తున్న ముదీర్ పిలిస్తే ఆ కొత్త ఫ్యాక్టరీ చూసి వచ్చాను. ఉప్పు గది ఎంతుందనుకున్నారు, పెళ్ళి హాలంత. అద్దాల గోడలు, లోపల అదే చల్లటి పొడిగాలి, లవణం దానంతటదే గొట్టాల్లో పోతూ ఉంటుంది, మూత తీసే మనిషి లేడు, మూత కూడా లేదు. చాలా బాగుందన్నాను, నిజంగానే బాగుంది, మేము కలలుగన్నది అదే. అయినా అద్దానికి చెవి ఆనించి కాసేపు నిలబడ్డాను. యంత్రం హోరు తప్ప ఏ చప్పుడూ లేదు.

ఆ రోజు మాత్ర మింగాక బీరువాలోంచి రేకు డబ్బా తీశాను. తేమకు నల్లబడకుండా స్ట్రైకర్‌ను అందులో దాచుకుంటాను, పక్కన మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు నాలుగు వేసి, నాకు చేతనైనంత చిన్న ఉప్పు గది కట్టుకున్నట్టు. మా ఆయన బోర్డు వేసి బోరిక్ పౌడరు చల్లారు. ఒకనాడు ఆ చుక్కలను కలవనివ్వని పొడి మీదే ఇప్పుడు ఆ లోహం ఎంత సుతారంగా జారుతుందో చెప్పలేను. జగిత్యాలకు వీడియో కాల్ చేసి, బోర్డు కనపడేలా ఫోనును గ్లాసుకు ఆనించి పెట్టాను. అన్న చాలాసేపు చూసి, నలుగురాడే ఆటాయె, మిగిలిన ఇద్దరేరి చెల్లె అని అడిగాడు. అతి మొండి లోహాన్ని కలిపామని గర్వపడిన మాకు ఇప్పుడు బోర్డు చుట్టూ నలుగురు కలవడం లేదు. నీ వంతు నేనే ఆడతాను, ఎటు కొట్టాలో చెప్పన్నా, అని ఫోను ఉన్న వైపుకు జరిగి కూర్చున్నాను.